ఇండియానా గెలిచింది సరే, ఈ పోర్టల్ గోల మంచికా చెడుకా?

బ్లూమింగ్టన్_బాబాయ్ | 2026 జనవరి 25, ఆదివారం

బయట మంచు, లోపల ఉప్మా. వారం కావస్తున్నా నాకింకా నమ్మకం కుదరడం లేదు, అందుకే ఈ దారం మొదలెడుతున్నా.

నేను ఎంఎస్‌కి ఇక్కడికొచ్చింది 2006లో. అప్పట్లో ఇండియానా ఫుట్‌బాల్ టికెట్ ఎవరైనా ఊరికే ఇస్తే, "ఎందుకులేరా, చలి" అనేవాళ్లం. మొదటి సగం అయ్యేసరికి సగం జనం పార్కింగ్‌లో బార్బెక్యూ దగ్గర తేలేవారు. మొన్నమొన్నటిదాకా పెద్ద స్థాయి కాలేజీ ఫుట్‌బాల్‌లో అందరికంటే ఎక్కువ ఓటములు మూటగట్టుకున్న జట్టు మాది. 2023లో కూడా 3 గెలిచి 9 ఓడాం. అలాంటి జట్టు జనవరి 19 రాత్రి మయామీని వాళ్ల సొంత స్టేడియంలోనే 27-21తో కొట్టి, 16కి 16 గెలిచి జాతీయ చాంపియన్ అయింది. నేను ఏడ్చాను. మా ఆవిడ వీడియో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది.

ఆఫీసులో మాత్రం అందరిదీ ఒకటే మాట: "కొనుక్కున్న జట్టు, పోర్టల్ జట్టు." క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) మెండోజా కాలిఫోర్నియా బర్కిలీ నుంచి వచ్చాడు, డిఫెన్స్‌లో కీలకమైనవాళ్లు కొందరు జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీ నుంచి వచ్చారు, నిజమే. ఇంతకీ పోర్టల్ ఆటను బాగు చేసిందా, పాడు చేసిందా? మీరేమంటారు?

కూకట్‌పల్లి_కుర్రాడు

అన్నా, నేను షార్ట్స్‌లో హైలైట్స్ చూసే బ్యాచ్. ఈ పోర్టల్ అంటే ఏంటి? ఐపీఎల్ వేలం లాంటిదా? కాలేజీ అంటే చేరినచోటే నాలుగేళ్లు చదవాలి కదా, మధ్యలో ఎలా మారతారు?

ఫ్రిస్కో_శ్రీను

వేలం కాదు తమ్ముడూ. వేలంలో టీమ్ ప్లేయర్‌ని ఎంచుకుంటుంది. ఇక్కడ కుర్రాడే ముందు చెయ్యెత్తుతాడు. మన ఎంసెట్ కౌన్సెలింగ్‌లో స్లైడింగ్ గుర్తుందా? దాదాపు అదే, కాకపోతే బ్రాంచి కాదు, ఏకంగా కాలేజీయే మారిపోతుంది.

పోర్టల్ అంటే ఒక డేటాబేస్, అంతే. 2018 అక్టోబర్‌లో మొదలైంది. అంతకుముందు వేరే కాలేజీ కోచ్‌తో మాట్లాడాలంటే మీ కోచ్ అనుమతి కావాలి, ఆయనకి నచ్చకపోతే ఫలానా కాలేజీకి వెళ్లడానికి వీల్లేదని అడ్డం పడేవాడు. ఇప్పుడు కుర్రాడు రాసిస్తే చాలు, రెండు పనిదినాల్లో కాలేజీ వాళ్లు పేరు ఎక్కించి తీరాలి. ఎక్కిన గంటకే ఫోన్లు మొదలవుతాయి. నిజం చెప్పాలంటే ఎక్కకముందే మొదలవుతాయి, అది వేరే కథ.

బాబాయ్, నీ సంతోషం నీది, నా కడుపుమంట నాది. నేను టీసీయూ (టెక్సాస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) మనిషిని. మా క్వార్టర్‌బ్యాక్ జాష్ హూవర్‌ని నాలుగేళ్లు మేం తీర్చిదిద్దితే, ఇప్పుడు మెండోజా స్థానంలో ఆడటానికి మీ ఊరొస్తున్నాడు. సొమ్మొకడిది సోకొకడిది.

కొలంబస్_సరిత

శ్రీను గారూ, ఒకటి వదిలేశారు. పోర్టల్ ఒక్కటే అయితే ఇంత గోల ఉండేది కాదు. అసలు తాళం ఏడాది కూర్చోవాలన్న రూలు. కాలేజీ మారితే ఒక సీజన్ బెంచీ మీద కూర్చోవాల్సిందే, డిగ్రీ పూర్తి చేసినవాళ్లకి మాత్రం మినహాయింపు. జో బరో మా ఒహైయో స్టేట్‌లో డిగ్రీ ముగించుకుని 2018లో ఎల్‌ఎస్‌యూకి (లూసియానా స్టేట్) వెళ్లి వెంటనే ఆడింది అలాగే. మరుసటి ఏడు హైస్మన్ (ఏటి మేటి ఆటగాడి ట్రోఫీ), జాతీయ టైటిల్ రెండూ ఎత్తుకెళ్లాడు. మేం చూస్తూ కూర్చున్నాం.

2021 ఏప్రిల్‌లో ఒక్కసారికి కూర్చోనక్కర్లేదన్నారు. అదే ఏడాది జులై 1 నుంచి ఎన్ఐఎల్ వచ్చింది, అంటే కుర్రాడు తన పేరు, ముఖం మీద ప్రకటనల డబ్బు తీసుకోవచ్చు. మూడు నెలల తేడాలో రెండు గేట్లూ ఎత్తేశారు. 2023 డిసెంబర్‌లో వెస్ట్ వర్జీనియా ఫెడరల్ కోర్టు ఈ రూలు అమలు చేయకుండా ఎన్‌సీఏఏని (కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ) ఆపింది, 2024 ఏప్రిల్ నుంచి చదువులో పాసవుతుంటే ఎన్నిసార్లయినా మారొచ్చు.

గుంటూరు_మిర్చి

సింపుల్‌గా చెప్పాలంటే జంప్ జిలానీలు. మన దగ్గర ఎమ్మెల్యేలు కండువా మారిస్తే తిడతాం, వీళ్లు హెల్మెట్ మారిస్తే చప్పట్లు. 😀

కూకట్‌పల్లి_కుర్రాడు

@మిర్చి ఎమ్మెల్యేని జనం ఎన్నుకున్నారు అన్నా. ఈ కుర్రాడిని ఎవరు ఎన్నుకున్నారు? మా ఇంటర్ టైమ్‌లో కార్పొరేట్ కాలేజీ వాళ్లు పక్క కాలేజీ టాపర్‌ని ఫీజు మాఫీ అని ఎత్తుకెళ్లారు. తర్వాత ఫ్లెక్సీలో వాడి ఫొటో. నాకైతే ఇదే అది.

కొలంబస్_సరిత

ఫ్లెక్సీ పోలిక అదిరింది. 😂

మేం కూడా పత్తిత్తులం కాదులెండి. మా 2024 టైటిల్ చూడండి. క్వార్టర్‌బ్యాక్ విల్ హోవర్డ్ కాన్సాస్ స్టేట్ నుంచి, రన్నింగ్ బ్యాక్ జడ్కిన్స్ ఓల్ మిస్ నుంచి, సేఫ్టీ కేలబ్ డౌన్స్ అలబామా నుంచి. అక్కడి కోచ్ సేబన్ రిటైరయ్యాక డౌన్స్ ఇటొచ్చాడు. ఫైనల్లో అవతలి నోటర్‌డేమ్ క్వార్టర్‌బ్యాక్ కూడా డ్యూక్ నుంచి వచ్చినవాడే. మొన్న ఫైనల్ కూడా అంతే, మెండోజా బర్కిలీ, మయామీ కార్సన్ బెక్ జార్జియా. హైస్మన్ గెలిచినవాళ్లని 2017 నుంచి లెక్కేస్తే డెవాంటా స్మిత్, బ్రైస్ యంగ్ తప్ప అందరూ ఏదో ఒకసారి కాలేజీ మారినవాళ్లే.

గుంటూరు_మిర్చి

గెలిచినవాళ్ల పేర్లే చెప్తారు అందరూ. ఫ్లోరిడా స్టేట్ సంగతి కూడా చెప్పండి. 2022, 2023ల్లో పోర్టల్ నుంచి వజ్రాల్లాంటి వాళ్లని ఏరుకున్నారు. జారెడ్ వర్స్ ఆల్బనీ నుంచి, కియాన్ కోల్‌మన్ మిషిగన్ స్టేట్ నుంచి. 2023లో 13-0. క్వార్టర్‌బ్యాక్ కాలు విరిగిందని ప్లేఆఫ్‌లోకి రానివ్వలేదు, పాపం. మరుసటి ఏడు వాళ్లంతా ఎన్ఎఫ్ఎల్‌కి పోయారు. మళ్లీ అదే పోర్టల్‌లో చెయ్యి పెట్టారు. ఈసారి 2 గెలుపులు, 10 ఓటములు. అదే కోచ్, అదే దుకాణం.

కొలరాడో? డియాన్ సాండర్స్ కోచ్‌గా వచ్చిన తొలి మీటింగులోనే పాతవాళ్లని పోర్టల్‌లోకి దూకమన్నాడు. 50 మందికి పైగా పోయారు. 1-11 జట్టు 4-8 అయింది, తర్వాత ట్రావిస్ హంటర్ దయవల్ల 9-4, హంటర్ వెళ్లిపోగానే 2025లో 3-9. కొత్త నీరొచ్చి పాత నీటిని కొట్టుకుపోయింది, తర్వాత కొత్త నీరు కూడా ఇంకిపోయింది.

బ్లూమింగ్టన్_బాబాయ్

మిర్చీ, నువ్వన్నది కాదనను. అందుకే తేడా ఎక్కడుందో చెప్తా విను, మూడేళ్లుగా ఇదే పని నాకు.

మా కోచ్ సిగ్నెటి జేమ్స్ మాడిసన్ నుంచి వస్తూ 13 మందిని వెంట తెచ్చుకున్నాడు. ఏడెన్ ఫిషర్, డిఏంజెలో పాండ్స్, మికైల్ కమారా, ఎలైజా సరాట్, వీళ్లంతా ఆ బ్యాచే. వీళ్లు స్టార్లు కాదు. సరాట్ అంతకుముందు సెయింట్ ఫ్రాన్సిస్ అనే చిన్న కాలేజీలో ఆడాడు. కానీ ఒకరికొకరు తెలుసు, కోచ్ కేకలు తెలుసు, ప్లే పేర్లు తెలుసు. నువ్వు చెప్పిన జట్లు విడి భాగాలు కొన్నాయి. మావాడు నడుస్తున్న బండినే లారీ ఎక్కించి తెచ్చుకున్నాడు. అందుకే వచ్చిన ఏడాదే 11-2.

ఇంకోటి. సెంటర్ పాట్ కూగన్ నోటర్‌డేమ్ నుంచి వచ్చాడు, ముందేడాది ఫైనల్లో ఓడిన జట్టులో ఆడినవాడు. మెండోజాని హైస్కూల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, రెండు నక్షత్రాల కుర్రాడు, మొదట యేల్‌కి వెళ్దామనుకున్నాడు. అంటే మావాడు కొన్నది పేరు కాదు. ఎక్కడో రెండు మూడేళ్లు ఆడి, దెబ్బలు తిని, రాటుదేలినవాళ్లని.

ఫైనల్ ఆఖరి నిమిషంలో బెక్ విసిరిన బంతిని పట్టి మ్యాచ్ ముగించింది ఎవరు? జమారీ షార్ప్. మయామీ కుర్రాడే, కానీ హైస్కూల్ నుంచి నేరుగా ఇండియానాకి వచ్చి, పాత కోచ్ దగ్గర ఓటములన్నీ మింగి, ఎక్కడికీ పోనివాడు. పెన్ స్టేట్‌లో ఎండ్‌జోన్ వెనక గీత మీద కాలి మునివేళ్లతో నిలబడి క్యాచ్ పట్టిన ఒమార్ కూపర్ కూడా ఇండియానాపొలిస్ పిల్లాడు. పోర్టల్ జట్టు అనేవాళ్లు ఈ ఇద్దరి పేర్లు ఎందుకు మింగేస్తారో నాకర్థం కాదు.

ఫ్రిస్కో_శ్రీను

లారీ పోలిక బానే ఉంది బాబాయ్. ఆ బండి పోయిన ఇంటివాళ్ల సంగతేంటి మరి?

హంటింగ్టన్_డాక్టర్

నేను సాధారణంగా చదివి పోతుంటాను, ఈ ప్రశ్న చూసి ఆగాను. 11 ఏళ్లుగా ఇక్కడ ప్రాక్టీస్. మా ఊరికి మార్షల్ యూనివర్సిటీయే సర్వస్వం. 1970 నవంబర్ 14న విమాన ప్రమాదంలో జట్టు, కోచ్‌లు, ఊరి పెద్దలు, మొత్తం 75 మంది పోయారు. ఏటా ఆ రోజున క్యాంపస్‌లో ఫౌంటెన్ ఆపేస్తారు, వసంతం దాకా నీళ్లు రావు. సున్నా నుంచి జట్టు కట్టుకున్న ఊరు ఇది.

2024 డిసెంబర్‌లో లూసియానాని 31-3తో కొట్టి సన్ బెల్ట్ లీగ్ చాంపియన్ అయ్యాం. ఆ సాయంత్రం నా క్లినిక్ రిసెప్షన్‌లో ఆకుపచ్చ బెలూన్లు. కోచ్ హఫ్ మరుసటి రోజుకల్లా సదరన్ మిస్‌కి మారిపోయారు. తర్వాత వారంలో 30 మందికి పైగా పోర్టల్‌లోకి. ఎంతమంది మిగిలారంటే, ఇండిపెండెన్స్ బౌల్‌లో (బౌల్ అంటే సీజన్ చివర బాగా ఆడిన జట్లకి దక్కే మ్యాచ్) ఆర్మీతో ఆడటానికి సరిపడా మనుషులు లేరని తప్పుకున్నాం. మా బదులు లూసియానా టెక్ ఆడింది. చాంపియన్ జట్టుకి డిసెంబర్ నెలాఖరుకి జట్టే లేదు.

వాళ్లలో చాలామంది హఫ్ వెంటే సదరన్ మిస్‌కి వెళ్లారు. ముందేడాది ఒక్కటే గెలిచిన ఆ జట్టు 2025లో బౌల్ దాకా పోయింది. సీజన్ అవగానే హఫ్ మెంఫిస్‌కి వెళ్లిపోయారు. ఆ పిల్లలు ఈసారి ఏం చేయాలి, చెప్పండి?

బెలూన్లు మా రిసెప్షనిస్టు వారం దాకా తీయలేదు. గాలి పోయి వాటంతటవే కిందికి దిగాయి.

బ్లూమింగ్టన్_బాబాయ్

డాక్టర్ గారూ, ఇది నాకు తెలియదు. జేమ్స్ మాడిసన్ వాళ్లకి కూడా ఇలాగే ఉండి ఉంటుంది. ఒప్పుకుంటున్నా.

కూకట్‌పల్లి_కుర్రాడు

మరి డబ్బు ఎంత? అందరికీ వస్తుందా?

ఫ్రిస్కో_శ్రీను

2025 జూన్ 6న హౌస్ కేసు (డబ్బు కోసం ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసింది) రాజీకి కోర్టు ఆమోదం పడింది. జులై 1 నుంచి కాలేజీయే నేరుగా ఆటగాళ్లకి డబ్బు ఇవ్వొచ్చు. మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు, అన్ని ఆటలకీ కలిపి. పెద్ద కాలేజీల్లో అందులో సింహభాగం ఫుట్‌బాల్‌కే. దీనిపైన బయటి ఎన్ఐఎల్ ఒప్పందాలు వేరే. అందరికీ వస్తుందా అంటే, రాదు. క్వార్టర్‌బ్యాక్‌కి లక్షలు, మూడో వరస లైన్‌మన్‌కి బూట్లు.

ఒప్పందం ఉన్నా ఆగుతారనేం లేదు. ఈ జనవరిలోనే వాషింగ్టన్ క్వార్టర్‌బ్యాక్ డెమాండ్ విలియమ్స్ సంతకం పెట్టిన కొద్దిరోజులకే పోర్టల్‌లోకి వెళ్తున్నానన్నాడు, రెండ్రోజులకి లేదు ఉంటానన్నాడు. డ్యూక్ వాళ్లయితే తమ క్వార్టర్‌బ్యాక్ మెన్సా మీద కోర్టుకే ఎక్కారు, ఒప్పందం ఉండగా ఎలా పోతావని.

ఇంకో విషయం, మన అందరికీ తగిలేది. ఎఫ్1 వీసా మీద ఉన్న ఆటగాళ్లకి ఇక్కడ ఉండి ఎన్ఐఎల్ పని చేయడం పెద్ద చిక్కు. ఆస్ట్రేలియా నుంచి వచ్చే పంటర్లు (బంతిని కాలితో దూరంగా తన్నేవాళ్లు) ఎంతమంది ఉన్నారో తెలుసుగా, వాళ్ల బాధ ఇదే. పక్కనోడు కారు ప్రకటన చేస్తుంటే వీళ్లు వీసా కాగితాలు చూసే డీఎస్ఓ ఆఫీసు ముందు క్యూలో.

గుంటూరు_మిర్చి

అన్నిట్లోకీ నాకు నచ్చింది టెనసీ కథ. 2025 ఏప్రిల్‌లో వాళ్ల క్వార్టర్‌బ్యాక్ నికో ఇయామలియావా ప్రాక్టీసుకి రాలేదు, జీతం తగాదా అని వార్త. కోచ్ హైపెల్ పొమ్మన్నాడు. నికో యూసీఎల్ఏకి వెళ్లాడు. అప్పటికే యూసీఎల్ఏ అప్పలాచియన్ స్టేట్ నుంచి ఇంకో క్వార్టర్‌బ్యాక్ జోయీ అగిలార్‌ని తెచ్చుకుంది. ఇక తనకి చోటు లేదని అగిలార్ ఎక్కడికెళ్లాడు? టెనసీకి! కుండమార్పిడి సంబంధం. యూసీఎల్ఏ 3-9, కోచ్ మూడు మ్యాచ్‌లకే ఇంటికి. టెనసీ 8 గెలిచింది.

కొలంబస్_సరిత

కుండమార్పిడి 😂😂 మా అత్తగారికి చదివి వినిపించా, ఆవిడ "ఎవరికి లాభం వచ్చింది?" అని అడిగారు.

రంజీ_రాజు

ఇదేం పెద్ద వింత? మన హనుమ విహారి హైదరాబాద్, ఆంధ్ర, మళ్లీ హైదరాబాద్, మళ్లీ ఆంధ్ర, ఇప్పుడు త్రిపుర. ఎన్ఓసీ ఉంటే చాలు. అసలు ఆంధ్ర క్రికెట్‌లో జరిగింది ఏంటంటే

మోడరేటర్

రాజు గారూ, ఆ దారం క్రికెట్ విభాగంలో 14 పేజీలు ఉంది. అక్కడికి పదండి.

కేటీ_నాన్న | జనవరి 27, మంగళవారం

అందరూ వచ్చేవాళ్ల గురించి, పోయేవాళ్ల గురించి మాట్లాడుతున్నారు. అసలు గుమ్మంలోకే అడుగు పెట్టలేనివాళ్ల గురించి నేను చెప్తాను.

మేం హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాం. మావాడు పన్నెండో తరగతి, హైస్కూల్ జట్టులో కిక్కర్. చిన్నప్పుడు సాకర్ ఆడేవాడు, తొమ్మిదిలో ఫుట్‌బాల్ కోచ్ చూసి లాక్కున్నాడు. ప్రాక్టీసులో 50 గజాలు కొడతాడు, మ్యాచ్‌లో 47 దాకా కొట్టాడు. శనివారం పొద్దున్నే నేను ఫోన్ ట్రైపాడ్ పట్టుకుని గోల్‌పోస్టు వెనక నిలబడతా. బంతి కంచె అవతల పడితే తెచ్చేది కూడా నేనే. ఆ వీడియోలు కోచ్‌లకి మెయిల్ చేస్తాడు. గత ఏడాదిలో 60కి పైగా పంపాడు. జవాబిచ్చినవాళ్లలో ముగ్గురు ఒకే మాట రాశారు, ముగ్గురూ మర్యాదగానే: ఈ స్థానానికి మేం పోర్టల్‌లో చూస్తున్నాం అని.

వాళ్ల తప్పు కూడా కాదు. నేనే కోచ్ అయితే 18 ఏళ్ల పిల్లాడినా, కాలేజీలో రెండేళ్లు కొట్టి చూపించిన 21 ఏళ్లవాడినా, ఎవరిని తీసుకుంటాను? పైగా కోచ్ ఉద్యోగమే రెండేళ్లు. పెంచే తీరిక ఎవరికుంది.

దీనికితోడు 105 లెక్క. ఇదివరకు స్కాలర్‌షిప్పులు 85 దాకా, ఆపైన సొంత ఖర్చుతో వచ్చే వాక్-ఆన్‌లు ఎంతమందైనా. రాజీ తర్వాత స్కాలర్‌షిప్ పరిమితి పోయింది, కానీ మొత్తం జట్టే 105. మిగతావాళ్లు బయటికి.

మావాడికి అన్నలాంటి కుర్రాడు ఒకడున్నాడు, లాంగ్ స్నాపర్, అంటే కిక్ కోసం బంతిని కాళ్ల మధ్యనుంచి వెనక్కి విసిరేవాడు. ఒక స్టేట్ యూనివర్సిటీలో వాక్-ఆన్, రెండేళ్లు పొద్దున ఐదింటికి లేచి బరువులెత్తాడు. నిరుడు వసంతంలో పిలిచారు. ఎనిమిది నిమిషాల మీటింగ్. కరచాలనం చేసి, సంఖ్య కుదించాలి నాయనా అన్నారట. లాకర్ ఖాళీ చేయడానికి నల్ల చెత్త సంచి ఇచ్చారు. హెల్మెట్ కాలేజీది కాబట్టి అక్కడే పెట్టేసి, దాని గడ్డం పట్టీ, చిన్‌స్ట్రాప్ మాత్రం జేబులో వేసుకుని వచ్చాడు. జూన్‌లో కోర్టు అలా తీసేసినవాళ్లని 105లో లెక్కించకుండా వెనక్కి తీసుకోవచ్చంది. తీసుకోవచ్చు అంది, తీసుకోవాలి అనలేదు. వాడికి ఫోన్ రాలేదు. ఆ చిన్‌స్ట్రాప్ ఇప్పుడు మావాడి కారు అద్దానికి వేలాడుతోంది.

గుంటూరు_మిర్చి

అన్నా... ఏం రాయాలో తెలియట్లేదు. జంప్ జిలానీ మాట వెనక్కి తీసుకుంటున్నా. వీళ్లు దూకడమేంటి, వీళ్లని తోసేశారు.

కొలంబస్_సరిత

పోర్టల్‌లో పేరు పెట్టి ఎక్కడా చోటు దొరకని పిల్లలూ ఉన్నారు అన్నయ్య గారూ. పేరెక్కితే పాత కాలేజీ స్కాలర్‌షిప్ ఆపేయొచ్చు. క్రెడిట్లన్నీ కొత్తచోట చెల్లవు. మా యూనివర్సిటీ అడ్వైజింగ్‌లో పనిచేసే స్నేహితురాలు చెబుతుంటుంది, మూడో కాలేజీకి వచ్చినవాడి ట్రాన్స్‌క్రిప్ట్ చూస్తే ఏ డిగ్రీకి ఎన్ని కోర్సులు మిగిలాయో లెక్కగట్టడానికి ఒక పూట పడుతుందని.

ఫ్రిస్కో_శ్రీను

అయినా కుర్రాళ్లని మళ్లీ కట్టేయాలని మాత్రం నేననను. కోచ్‌లు రాత్రికి రాత్రి పోవచ్చు, పిల్లలు మాత్రం ఉండాలా? నాకు కోపం వ్యవస్థ మీదే కానీ హూవర్ మీద కాదు. నిజానికి హూవర్ లేకుండానే మేం అలామో బౌల్‌లో యూఎస్‌సీని ఓవర్‌టైమ్‌లో 30-27తో కొట్టాం. ఆడిన క్వార్టర్‌బ్యాక్ కెన్ సీల్స్. వాడెక్కడి నుంచి వచ్చాడో చెప్పనా? వాండర్‌బిల్ట్. నవ్వుకోండి.

బ్లూమింగ్టన్_బాబాయ్

నవ్వాను. ఈసారి పోర్టల్ తెరిచే ఏప్రిల్ విండో కూడా ఎత్తేశారు కదా, జనవరి 2 నుంచి 16 దాకా ఒక్కటే. ఫైనలిస్టులకి మాత్రం 20 నుంచి 24. అది కాస్త నయమే. ఇదివరకు జట్టు ప్లేఆఫ్ ఆడబోతుంటేనే పిల్లలు సర్దుకునేవాళ్లు. 2024లో పెన్ స్టేట్ రెండో క్వార్టర్‌బ్యాక్ ప్రిబులా అలాగే ప్లేఆఫ్‌కి ముందు వెళ్లిపోవాల్సి వచ్చింది. చేరాలనుకున్నచోట కుర్చీ ఖాళీగా ఉండగానే పోవాలి మరి.

కేటీ నాన్న గారూ, మీవాడి సంగతి ఎక్కడిదాకా వచ్చింది?

కేటీ_నాన్న | జనవరి 29, గురువారం

నిన్న రాత్రి ఒక చిన్న కాలేజీ నుంచి మెయిల్ వచ్చింది. స్కాలర్‌షిప్ లేదు, వాక్-ఆన్‌గా చోటిస్తామన్నారు. వచ్చే శనివారం క్యాంపస్‌కి రమ్మన్నారు. నాలుగు గంటల డ్రైవ్. ఏం అడగాలో చెప్పండి, మా ఇంట్లో కాలేజీ ఆట ఆడినవాళ్లెవరూ లేరు.

హంటింగ్టన్_డాక్టర్

ఆ కోచ్ ఎన్నాళ్లుగా అక్కడ ఉన్నారో అడగండి.

ఫ్రిస్కో_శ్రీను

జట్టులో ఇప్పటికే కిక్కర్లు ఎంతమంది ఉన్నారో, ఎవరు ఏ ఏడాదిలో ఉన్నారో కూడా.

కొలంబస్_సరిత

ఆట లేకపోయినా ఆ కాలేజీలో చదువుకుంటాడా అని మీ అబ్బాయిని అడగండి. అది కోచ్‌ని అడిగేది కాదు.

కేటీ_నాన్న

సరిత గారి ప్రశ్న అడిగాను. మెకానికల్ ఉంది కదా, సరే అన్నాడు. కిక్కర్లు ఇద్దరు, ఒకడు ఆఖరి ఏడాది, ఇంకొకడు పోర్టల్ నుంచి ఈ నెలలోనే వచ్చాడు.

కోచ్ చేరి పది రోజులైందట.